ఎదురుచూపుల కాలము: ఉన్నత విద్య కోరు పిల్లలకు గ్రామము చేయదగిన సహాయము

ఏటేటా వేసవి ముగిసి తొలకరి మబ్బులు కనిపించునాటికి మన గ్రామములలోని అనేక గృహములలో మరియొక ఎదురుచూపు కూడ ఆరంభమగుచున్నది. ఇంటర్మీడియట్ ముగించి ప్రవేశ పరీక్షలు వ్రాసిన పిల్లలు ఏ కళాశాలలో సీటు లభించునో యని ఎదురుచూచుచుందురు. సీటు లభించినవారు ఉపకార వేతనము మంజూరగునో లేదో యని ఎదురుచూచుచుందురు. విదేశములలో చదువగోరువారు విశ్వవిద్యాలయము నుండి అంగీకారము, ప్రభుత్వము నుండి సహాయము, బ్యాంకు నుండి అప్పు, ఈ మూడింటి కొరకు ఒకే కాలమున ఎదురుచూడవలసి యుండును. ఈ కాలము కొన్ని వారములు మొదలు కొన్ని మాసముల వరకు సాగును. ఆ దినములలో పిల్లలకు నిద్ర పట్టదు, అన్నము సహింపదు. తలిదండ్రులకు పొలము పనిలోను మనస్సు నిలువదు.

నీటి సరఫరా, వీధి దీపములు, పారిశుద్ధ్యము మొదలగు వాటిని చూచుకొను పంచాయతీకి ఒక విద్యార్థి మనోవ్యథతో ఏమి పని యని కొందరు ప్రశ్నింపవచ్చును. పని కలదు. 1992లో ఆమోదింపబడి 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. విద్య, గ్రంథాలయములు, సాంఘిక సంక్షేమము, బలహీన వర్గముల సంక్షేమము అందులోనివే. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. మన గ్రామములలో అనేక కుటుంబములకు కళాశాల మెట్టెక్కునది ఈ తరమువారే. ఆ త్రోవ నడచినవారు ఇంటిలో ఎవరును లేరు. అట్టి బిడ్డకు ఇంటి పెద్దకు తోడుగా ఊరే పెద్ద కావలసి యుండును.

సీటు ఇచ్చుట పంచాయతీ చేతిలో లేదు. ఉపకార వేతనము మంజూరు చేయుటయు పంచాయతీ చేతిలో లేదు. అయినను రెండు పనులు దాని చేతిలోనే యున్నవి. పిల్లలకు తెలియనిదానిని తగ్గించుట మొదటిది. ఎదురుచూచువారిని ఒంటరిగా విడువకుండుట రెండవది. ఆందోళనకు మూలమేమో తెలిసినచో ఈ రెండు పనుల విలువ స్పష్టమగును.

ఆందోళన ఏల కలుగును

కీడు జరుగునని తెలిసినప్పటికంటె, జరుగునో జరుగదో తెలియనప్పుడే మనస్సు ఎక్కువ కలత చెందును. ఈ విషయమును లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిన ఒక పరిశోధన చక్కగా వెల్లడించినది. వారు 45 మంది చేత కంప్యూటరుపై ఒక ఆట ఆడించిరి. తెరపై కనిపించు రాతి క్రింద పాము ఉన్నదా లేదా యని ఊహించి చెప్పవలెను. పాము ఉన్నచో చేతికి నొప్పి కలుగునట్లు స్వల్పముగా విద్యుత్తు తగులును. ఆడువారికి పట్టిన చెమటను, వారి కంటి పాపల మార్పును పరిశీలించి వారి కలతను కొలిచిరి. పాము తప్పక ఉండునని తెలిసినప్పటికంటె, ఉండుటకును లేకుండుటకును సగము సగము అవకాశమున్నప్పుడే వారి కలత మిక్కుటముగా నుండెను. అనగా తప్పని నొప్పికంటె తెలియని నొప్పియే వారిని ఎక్కువ బాధించినది.

సీటు కొరకు ఎదురుచూచు విద్యార్థి స్థితి సరిగా ఇట్టిదే. “రాదు” అని తేలినచో వాడు మరియొక మార్గమును వెదకుకొనును. “వచ్చును” అని తేలినచో పెట్టె సర్దుకొనును. ఏదియు తేలనంత కాలము శరీరము రాబోవు ఆపదకు సిద్ధమగుచున్నట్లే ప్రవర్తించును. గుండె వేగముగా కొట్టుకొనుట, కడుపులో వికారము, తలనొప్పి, ముక్కోపము, అర్ధరాత్రి మెలకువ వచ్చుట దాని లక్షణములు. ఇది పిరికితనము కాదు, సోమరితనమును కాదు. తనకు అతి ముఖ్యమైన విషయము ఇతరుల చేతిలో నున్నప్పుడు ఏ మనిషికైనను కలుగునది ఇదే.

కావున “ఏడ్చి ఏమి లాభము, ఊరక కూర్చుండుము” అని గద్దించుట వలన ప్రయోజనము లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 2013 జూలైలో న్యాయవాద వృత్తి పరీక్ష వ్రాసిన 230 మంది న్యాయశాస్త్ర పట్టభద్రులను కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. వారు ఫలితము కొరకు నాలుగు మాసములు వేచియుండిరి. ఆందోళనను అణచుకొనుటకు వారు చేసిన యత్నములు చాలవరకు ఫలింపలేదు. అయితే ఆ నాలుగు మాసములును కలతతో గడపినవారే, నిశ్చింతగా నున్నవారికంటె చెడు వార్తను మెరుగుగా ఓర్చుకొనిరి. ఆందోళనపడుట అపరాధమును కాదు, నిష్ప్రయోజనమును కాదని దీనివలన తెలియుచున్నది. దానిని పూర్తిగా పోగొట్టవలెనని పట్టుపట్టక, అది నిద్రను, ఆహారమును, పనిని మ్రింగివేయకుండ కాపాడుకొనినచో చాలును.

చేతిలోనున్నది, చేతిలో లేనిది

వాన కొరకు ఎదురుచూచు రైతు ఆకాశము వంక చూచుచు ఊరక కూర్చుండడు. దుక్కి దున్నును, గట్టు వేసుకొనును, విత్తనము సిద్ధము చేసికొనును. వాన ఆలస్యమైనచో ఏ స్వల్పకాలపు పైరు వేయవలెనో ముందే ఆలోచించుకొనును. వాన వాని చేతిలో లేదు, కాని దుక్కి వాని చేతిలోనిదే. విద్యార్థి కూడ తన విషయమును ఇట్లే రెండు భాగములు చేసికొనవలెను. ఒక కాగితముపై గీత గీచి, ఒక ప్రక్క తన చేతిలోనివి, రెండవ ప్రక్క తన చేతిలో లేనివి వ్రాసికొనుట మంచిది.

ఉదాహరణమునకు ఇంజనీరింగు, వ్యవసాయము, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్షను చూడుడు. 1986లో ఎంసెట్ అను పేర ఆరంభమైన ఈ పరీక్ష ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండియు, తెలంగాణలో 2024 నుండియు ఈఏపీసెట్ అను పేర జరుగుచున్నది. పరీక్ష వ్రాసిన పిమ్మట ర్యాంకు విద్యార్థి చేతిలో లేదు. కాని కళాశాలల ఐచ్ఛికములను ఏ వరుసలో పేర్కొనవలెనో అది పూర్తిగా అతని చేతిలోనే యున్నది. ఇక్కడ పెక్కుమంది పొరబడుచున్నారు. “మంచి కళాశాలను మొదట వ్రాసినచో అది రాక, క్రిందిది కూడ పోవునేమో” యని భయపడి, కోరనిదానిని ముందు వ్రాయుచున్నారు. ఈ భయము నిరాధారమైనది. కేటాయింపు ర్యాంకుల వరుసలో జరుగును. ఒక విద్యార్థి వంతు వచ్చినప్పుడు అతని పట్టికను మొదటినుండి చూచుచు, అప్పటికి మిగిలియుండి అతని స్థానిక ప్రాంతమునకు, రిజర్వేషను వర్గమునకు తగిన మొట్టమొదటి సీటును కేటాయింతురు. పై కళాశాల దొరకనందున క్రింది కళాశాల పోదు. కావున నిజముగా కోరిన వరుసలోనే వ్రాయవలెను. పట్టికను కురచగా ముగింపక, అంగీకరింపదగిన కళాశాలల నన్నిటిని చేర్చవలెను. కేటాయింపు ఒక్క విడతతో ముగియదు. విడత విడతకును తేదీలు వేరుగా నుండును. సీటు వచ్చిన పిమ్మట గడువులోగా రుసుము చెల్లించి హాజరు తెలుపనిచో అది రద్దగును. ర్యాంకు కొరకు పడు ఆందోళనలో కొంత భాగమైనను ఈ గడువుల వైపు మళ్ళించుట మేలు.

ఉపకార వేతనముల విషయమును ఇట్టిదే. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనములు ఇచ్చు పథకము 1944లో ఆరంభమైనది. తలిదండ్రుల సాలీనా ఆదాయము రెండున్నర లక్షల రూపాయలకు మించనివారు ఈ కేంద్ర పథకమునకు అర్హులు. 2020-21 నుండి దీని వ్యయములో కేంద్రము 60 వంతులు, రాష్ట్రము 40 వంతులు భరించుచున్నవి. కేంద్రపు వంతు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే జమయగును. వెనుకబడిన తరగతులు మొదలగు ఇతర వర్గములకు వేరు పథకములు, వేరు ఆదాయ పరిమితులు కలవు.

ఏ పథకమైనను దరఖాస్తు పలు చేతులు దాటిపోవలెను. విద్యార్థి నమోదు చేసికొనును, కళాశాల ధ్రువీకరించును, జిల్లా సంక్షేమ కార్యాలయము పరిశీలించి మంజూరు చేయును, పిదప ఖజానా నుండి నిధులు విడుదలగును. చివరి మెట్టున ఆలస్యము జరిగిన సందర్భములు కలవు. అది విద్యార్థి లోపము కాదు. కాని తొలి మెట్టులలో జరుగు జాప్యమునకు కారణములు తరచు చిన్నవే: ఆధార్‌లో ఒక విధముగా, పదవ తరగతి పత్రములో మరియొక విధముగా పేరుండుట, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపరుపబడకుండుట, ఆదాయ ధ్రువపత్రము పాతబడుట. ఇవన్నియు గ్రామములోనో మండల కేంద్రములోనో సరిచేసికొనదగినవి.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, తేదీల పట్టిక. పంచాయతీ కార్యాలయపు గోడపైనను, గ్రంథాలయములోను ప్రవేశ పరీక్షల ఫలితముల తేదీ, ధ్రువపత్రముల పరిశీలన, ఐచ్ఛికముల నమోదు, రుసుము చెల్లింపు, ఉపకార వేతనపు దరఖాస్తుకు తుది గడువు, వీటిని పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ కళాశాలల ప్రవేశములను నిర్వహించుచున్న దోస్త్ వంటి పద్ధతుల తేదీలను కూడ చేర్చవలెను. తేదీలు మారినప్పుడు పట్టికను మార్చవలెను. “ఈ నెల 20వ తేదీ వరకు ఏ వార్తయు రాదు” అని నిశ్చయముగా తెలిసినచో విద్యార్థి దినమునకు ఇరువదిమార్లు ఫోను తెరచి చూడనక్కరలేదు. సగము ఆందోళన అక్కడనే తగ్గును.

రెండవది, ధ్రువపత్రములు. కుల, ఆదాయ, నివాస ధ్రువపత్రములకు జూన్, జూలై మాసములలో ఒత్తిడి హెచ్చగును. ప్రవేశ పరీక్షలు వ్రాయు పిల్లల జాబితా వేసి, పరీక్షలు ముగియకముందే వీటిని తెప్పించుకొనునట్లు పంచాయతీ సభ్యులు ఇంటింటికి చెప్పవలెను. చదువురాని తలిదండ్రులకు తోడుగా తహసీల్దారు కార్యాలయమునకు పోవుట ఒక పూట పని మాత్రమే. అది ఆ బిడ్డకు ఒక సంవత్సరమును కాపాడవచ్చును.

మూడవది, సమాచార హక్కు. దరఖాస్తు ఏ మెట్టున నిలిచినదో తెలియక నెలలు గడచినచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము అడుగవచ్చును. అధికారి 30 దినములలో సమాధానమీయవలెను. మన రాష్ట్రములలో అర్జీకి గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, అంతకు పై కార్యాలయములలో 10 రూపాయలు చెల్లింపవలెను. దారిద్ర్య రేఖకు దిగువనున్నవారికి రుసుమే లేదు. అర్జీలో ఫిర్యాదు వలదు. “నా దరఖాస్తు నేడు ఎవరి వద్ద నున్నది? ఏ తేదీన అచ్చటికి చేరినది? ఇంకను ఏ పత్రము కావలెను?” అను మూడు ప్రశ్నలు చాలును.

నాలుగవది, రుసుము వాపసు నియమములు. ఒక కళాశాలలో చేరి, మరియొక మంచి అవకాశము కొరకు ఎదురుచూచు కుటుంబము “కట్టిన సొమ్ము పోవునేమో” యని కలతపడును. యు.జి.సి. 2018లో వెలువరించిన ప్రకటన ప్రకారము, దాని పరిధిలోని సంస్థలలో ప్రవేశములకు ప్రకటించిన తుది తేదీకి 15 దినములు లేక అంతకు ముందుగా మానుకొనినచో, 5 వేల రూపాయలకు మించని నిర్వహణ వ్యయము పోను రుసుము పూర్తిగా తిరిగి ఈయవలెను. ఆ తేదీకి ముందు 15 దినములలోపు మానినచో 90 వంతులు, తేదీ దాటిన 15 దినములలోపు 80 వంతులు, 30 దినములలోపు 50 వంతులు వాపసు రావలెను. కొన్ని సంవత్సరములలో ఇంతకంటె ఉదారమైన ప్రత్యేక ఉత్తరువులు కూడ వచ్చినవి, కావున ఆయేటి ఉత్తరువును చూచుకొనవలెను. విద్యార్థి అసలు ధ్రువపత్రములను కళాశాల తన వద్ద ఉంచుకొనరాదని కూడ ఆ ప్రకటనయే చెప్పుచున్నది.

ఐదవది, అప్పు సంగతి. ఉపకార వేతనము రానిచో వడ్డీ వ్యాపారి తప్ప గతిలేదను భావము గ్రామములలో బలముగా నున్నది. అది సరికాదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపిక చేసిన నాణ్యమైన ఉన్నత విద్యాసంస్థలలో ప్రవేశము పొందినవారికి పూచీగాని తాకట్టుగాని లేకుండ బ్యాంకులు అప్పు ఇచ్చును. ఆరంభమున అట్టి సంస్థలు 860. ఇతర వడ్డీ రాయితీలు పొందనివారై, కుటుంబ ఆదాయము సాలీనా 8 లక్షల రూపాయల లోపు ఉన్నచో, 10 లక్షల వరకు అప్పుపై చదువు కాలమున 3 శాతము వడ్డీ రాయితీ లభింపగలదు. బ్యాంకు అధికారిని ఒకనాడు గ్రామసభకు ఆహ్వానించి ఈ వివరములను చెప్పించుట పంచాయతీకి కష్టము కాదు.

ఆరవది, మోసగాండ్ర బెడద. ఎదురుచూచువారి ఆత్రుతయే దళారులకు పెట్టుబడి. “సీటు ఇప్పింతును”, “ఉపకార వేతనము మంజూరైనది, ముందు కొంత కట్టుడు”, “ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పుడు” అను మాటలు వినిపించినచో అది మోసమని గ్రహింపవలెను. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఈ సంఖ్యను తేదీల పట్టిక క్రిందనే వ్రాయించుట మంచిది.

విద్యార్థి దినచర్య

తెలియనిదానిని ఎంత తగ్గించినను కొంత మిగులును. ఆ మిగిలినదానితో దినము గడుపుటకు కొన్ని సులభ మార్గములు కలవు.

చింతకు ఒక వేళను నియమించుకొనుట అందొకటి. అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో ఈ పద్ధతిని పరీక్షించి ప్రకటించిరి. దినమునకు ఒక అర్ధగంట, ప్రతిదినము ఒకే చోట, ఒకే వేళ చింత కొరకు కేటాయింపవలెను. ఇతర వేళలలో చింత వచ్చినచో “సాయంత్రము ఆలోచింతును” అని ప్రక్కన పెట్టి చేయుచున్న పనికి మరలవలెను. చింతను వెళ్ళగొట్టుట కష్టము, వాయిదా వేయుట అంత కష్టము కాదు. అయితే ఆ వేళ నిద్రకు ముందు ఉండరాదు. ఫలితముల కొరకు ఫోను చూచుటకు కూడ ఉదయము ఒకమారు, సాయంత్రము ఒకమారు అని నియమము పెట్టుకొనవలెను.

మనస్సు లీనమగు పని రెండవ మార్గము. టీవీ ముందు కూర్చుండుట ఇట్టి పని కాదు. కొంచెము నేర్పు, కొంచెము కష్టము గలదియై, ముగిసినప్పుడు ఏదో జరిగినదని కనిపించు పని కావలెను. చిన్న పిల్లలకు లెక్కలు చెప్పుట, కుట్టుపని, టైపు నేర్చుకొనుట, గ్రంథాలయపు పుస్తకములను సర్దుట, పొలము పనిలో తోడ్పడుట, సాయంకాలము కబడ్డీ ఆడుట వంటివి తగినవి. పంచాయతీ ఈ పిల్లలకు గ్రంథాలయములోనో అంగన్‌వాడీలోనో రెండు గంటల పని అప్పగించినచో వారికిని, ఊరికిని మేలు.

నిద్రకు ముందు మరునాటి పనులను ఐదు నిమిషములు కాగితముపై వ్రాయుట మూడవ మార్గము. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయమున 57 మందితో జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో, చేయవలసిన పనులను వ్రాసినవారు చేసిన పనులను వ్రాసినవారికంటె త్వరగా నిద్రించిరి. కాగితముపై పెట్టిన పనిని మనస్సు రాత్రియంతయు మోయనక్కరలేదు. ఇక రాత్రి కాఫీ, టీలు మానుట, వేళకు అన్నము తినుట, దినమునకు కొంత దూరము నడచుట అందరెరిగినవే. ఆందోళన దినములలో మొదట జారిపోవునవి కూడ ఇవే.

మాట యొక్క బలము

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దల మాట. ఎదురుచూచు బిడ్డను రచ్చబండ వద్ద పదిమంది పదిమార్లు “ఏమ్మా, సీటు వచ్చిందా? మా చెల్లెలి కొడుక్కి అప్పుడే వచ్చిందే!” అని అడిగినచో, ఆ బిడ్డ వీధిలోనికి వచ్చుటయే మానును. అడుగువారిలో ద్వేషము లేదు, ఆప్యాయతయే కలదు. అయినను దాని ఫలితము ఒంటరితనము. అంతకంటె “పత్రాలన్నీ సిద్ధంగా ఉన్నాయా? నేను చేయగలిగింది ఏమైనా ఉంటే చెప్పమ్మా” అనుట మేలు. వార్త వచ్చినప్పుడు బిడ్డయే వచ్చి చెప్పును.

తలిదండ్రులు గమనింపవలసినది మరియొకటి కలదు. “నీ మీదనే ఆశలన్నీ పెట్టుకొన్నాము” అను మాట ప్రేమతో పుట్టినదే యైనను, ఎదురుచూచు మనస్సుపై అది బండరాయి వలె పడును. “ఏది వచ్చినా మనమందరము కూర్చుని ఆలోచించుకొందాము” అను మాట ఆ భారమును సగము చేయును.

ఆడపిల్లల విషయమున ప్రత్యేక శ్రద్ధ కావలెను. సీటో, ఉపకార వేతనమో ఆలస్యమైనప్పుడు “ఇక చదువెందుకు” అని పెండ్లి మాటలు ఆరంభమగుట గ్రామములలో కానవచ్చుచున్నది. వాయిదాపడిన సీటు మరల రావచ్చును, తెగిపోయిన చదువు మరల అతుకుట కష్టము. 18 సంవత్సరములు నిండని బాలికకు వివాహము చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. 18 నిండినను, ఫలితము తేలువరకైనను ఆ ప్రస్తావన రాకుండునట్లు మహిళా సభ్యులు, స్వయం సహాయక సంఘములవారు ఆ ఇంటికి నచ్చజెప్పవలెను.

రెండవ త్రోవ

ప్రతికూల వార్త వచ్చినను దారి మూసికొనిపోదని పిల్లలకు చెప్పుటకు మన దేశ చరిత్రయే సాక్ష్యము. డాక్టర్ అంబేడ్కర్ 1913లో బరోడా సంస్థానపు ఉపకార వేతనముతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరెను. 1916లో లండన్ వెళ్ళెను. 1917లో ఆ వేతనపు గడువు ముగిసినందున చదువును నడుమ విడిచి తిరిగి రావలసి వచ్చెను. తిరిగివచ్చి చదువు కొనసాగించుటకు విశ్వవిద్యాలయము నాలుగు సంవత్సరములు గడువొసగెను. ఆయన బొంబాయిలోని సిడెనహామ్ కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసి, సొమ్ము కూడబెట్టి, కొల్హాపూరు శాహూ మహారాజు సహాయమును మిత్రుని చేబదులును తోడుచేసికొని 1920లో మరల లండన్ చేరెను. 1923లో డి.ఎస్‌సి. పట్టము పొందెను. ఆ ఎదురుచూపును ఆయన సంపాదనకు, సన్నాహమునకు వినియోగించుకొనెను.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ పర్యాయమున గాని ఉత్తీర్ణుడు కాలేదు. మద్రాసులో వైద్యవిద్య ముగించిన పిమ్మట ఆయనకు హార్వర్డులో ప్రవేశము లభించినది గాని ఉపకార వేతనము లభింపలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, ఆయన మామగారు ధనసహాయము చేయగా ఆయన అమెరికా చేరగలిగెను. అచ్చట ఒక ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగము చేయుచు చదివెను. శరీర కణములకు శక్తినిచ్చు పదార్థములను గూర్చియు, ఫోలిక్ ఆమ్లమును గూర్చియు ఆయన చేసిన కృషి నేడు వైద్యలోకమునకు ఆధారమైనది. ఒక దాత తలుపు తెరువనప్పుడు ఊరిలోని మరియొక దాత తలుపు తెరచుట ఇచ్చట గమనింపదగినది. ప్రతి విద్యార్థియు ఫలితము రాకముందే రెండవ త్రోవను, మూడవ త్రోవను వ్రాసి పెట్టుకొనవలెను. అది ఓటమిని కోరుకొనుట కాదు, ప్రత్యామ్నాయ పైరుకు విత్తనము దాచుట వంటిది.

ఉపేక్షింపరాని గుర్తులు

ఎక్కువమందికి ఈ ఆందోళన ఫలితముతో తీరిపోవును. కొందరి విషయమున అది హద్దు మీరును. రెండు వారములకు మించి నిద్రాహారములు తప్పుట, అందరికి దూరముగా తలుపు మూసికొని యుండుట, “నేను ఉండి ఏమి లాభము” వంటి మాటలు, తనకు ప్రియమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుట, అకస్మాత్తుగా అందరికి వీడ్కోలు చెప్పుట కనిపించినచో క్షణమైనను ఉపేక్షింపరాదు. ప్రాణము తీసికొనవలెనను తలంపు వచ్చుచున్నదా యని సౌమ్యముగా, సూటిగా అడుగవలెను. అడిగినందున ఆ తలంపు పుట్టదు, మనస్సు విప్పి చెప్పుకొనుటకు వీలు కలుగును. ఆ బిడ్డను ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందులను తాళము వేసి దూరముగా ఉంచవలెను.

2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్య ద్వారా రాత్రింబగళ్లు రుసుము లేకుండ ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. విద్యార్థియు, తలిదండ్రులును, పంచాయతీ సభ్యులును ఎవరైనను చేయవచ్చును. అపాయము వెంటనే కలుగునట్లున్నచో 108కి గాని 112కు గాని చెప్పవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని వద్దకు తీసికొనిపోవుట తలవంపు కాదు. జ్వరమునకు మందు పుచ్చుకొనినట్లే ఇదియును.

రాబోవు పంచాయతీ సమావేశమున ఈ విషయమునకు అర్ధగంట కేటాయించినచో పని మొదలగును. ఈ సంవత్సరము గ్రామములో ఎదురుచూచుచున్న పిల్లలు ఎందరో పేర్లు వ్రాసికొనుడు. తేదీల పట్టిక బాధ్యతను ఒక సభ్యునికి, ధ్రువపత్రముల బాధ్యతను మరియొకరికి అప్పగింపుడు. ఒక్కొక్క బిడ్డను వారమున కొకమారు పలుకరించుటకు ఒక్కొక్క పెద్దను నియమింపుడు. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. పట్టికకు కాగితము, గోడపై కొంత చోటు, పలుకరించువారి శ్రద్ధ ఉన్నచో చాలును. నిర్ణయము ఎక్కడనో దూరమున జరుగును. అది వచ్చువరకు బిడ్డ ఉండునది మన ఊరిలోనే.